ఖాళీ సమయంలో కుట్టిన కుట్టుకు లెక్క ఎవరు కడతారు?

మన చిన్న పట్టణాల్లో ఏ వీధిలోకి వెళ్ళినా ఒకటి రెండు ఇళ్ళ గుమ్మాల పక్కన చిన్న రేకు బోర్డు కనిపిస్తుంది. 'ఇచ్చట జాకెట్లు, పంజాబీ డ్రస్సులు కుట్టబడును, ఫాల్స్ వేయబడును' అని. బోర్డు కూడా లేని ఇళ్ళు ఇంకా ఎక్కువ. వీధిలో ఎవరినడిగినా 'మిషను కుట్టే ఆవిడ ఇల్లు' చూపిస్తారు. ఆవిడ ఏం చేస్తుందని ఇంట్లో మగవాళ్ళను అడిగితే మాత్రం, "ఏం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఏవో నాలుగు జాకెట్లు కుట్టుకుంటుంది" అంటారు. చాలాసార్లు ఆవిడ కూడా అదే మాట అంటుంది.

ఈ 'ఖాళీగా ఉన్నప్పుడు' అనే మాటను మనం కొంచెం పట్టి చూడాలి. స్త్రీల శ్రమను పనిగా కాక కాలక్షేపంగా చూపించే మాట ఇది. ఈ మాట వల్లే ఆమెకు రేటు అడిగే ధైర్యం ఉండదు, సంఘం పెట్టుకోవాలన్న ఆలోచన రాదు, చట్టానికి ఆమె కనిపించదు. అందుచేత ఇంట్లో సాగే కుట్టుపని గురించీ, పాత బట్టలతో ఇల్లు నెట్టుకొచ్చే పొదుపు గురించీ హక్కుల దృష్టితో మాట్లాడుకోవలసిన అవసరం ఉంది.

ముందు పొదుపు సంగతి చూద్దాం. మధ్యతరగతి, కింది తరగతి ఇళ్ళల్లో ఒక చీరకు చాలా జన్మలుంటాయి. కొన్నాళ్ళు బయటికి కట్టుకునే చీర, ఆ తరవాత ఇంట్లో కట్టుకునే చీర. అంచు బాగుంటే కూతురికి పరికిణీ అవుతుంది. మిగిలిన ముక్క కిటికీకి తెరో, దిండు గలేబో అవుతుంది. మెత్తబడ్డ నూలు చీరయితే పసిపిల్లల పొత్తిగుడ్డలకీ, ఉయ్యాలకీ పనికొస్తుంది. నాలుగైదు చీరలు పోగయితే బొంత. అన్నీ అయ్యాక మిగిలేది మసిగుడ్డ. మరోపక్క పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆమె వీధిలోకి వస్తుంది. రెండు చీరలకి పళ్ళెమా, మూడు చీరలకి గిన్నెా అని గుమ్మంలో అరగంట బేరం నడుస్తుంది. ఆ బేరంలో అటూ ఇటూ ఉన్నది స్త్రీలే. ఎండలో తట్ట మోసుకు తిరిగే ఆమె పనీ లెక్కలో లేదు, చిరుగులు మడతలోకి దాచి బేరమాడే ఈమె నేర్పూ లెక్కలో లేదు. పాత పట్టుచీరలు కొంటామని వచ్చేవాళ్ళు వేరు. వాళ్ళు చూసేది జరీలోని వెండిని. తల్లి పెళ్ళిచీర ఏ ఫీజుల నెలలో వాళ్ళ చేతికి పోతుందో ఇల్లాళ్ళందరికీ తెలిసిన విషయమే.

ఈ పనంతటికీ నైపుణ్యం కావాలి. పిల్లకి పరికిణీ కుట్టేటప్పుడు రెండేళ్ళ తరవాత పొడుగు పెంచడానికి వీలుగా కింద టక్కులు వేయడం, గౌనులో లోపలికి బట్ట వదలడం, పెద్దవాడి చొక్కా కాలరు అరిగితే విప్పి తిరగేసి కుట్టి చిన్నవాడికి వేయడం, ఇవన్నీ ఏ బడిలోనూ నేర్పని విద్యలు. తల్లి నుంచి కూతురికి, పక్కింటి అక్క నుంచి చెల్లెలికి వచ్చినవి. కొనవలసిన బట్ట కొనకుండా చేసిన ఈ శ్రమ ఆ ఇంటి ఆదాయంలో భాగమే. మగవాడు తెచ్చిన జీతం పాతిక రోజులకు బదులు నెలాఖరు దాకా వస్తోందంటే అందులో ఆమె వేళ్ళకు గుచ్చుకున్న సూదుల వాటా ఉంది.

లెక్కల శాస్త్రం దీన్ని ఎలా చూస్తుందో గమనించండి. ఐక్యరాజ్య సమితి జాతీయాదాయ లెక్కల పద్ధతి ప్రకారం ఇంట్లో వాడుకోవడానికే అయినా కొత్త బట్ట కుడితే అది ఉత్పత్తి. చిరిగిన బట్టకు మాటు వేస్తే అది ఇంటిపని, ఉత్పత్తి కిందకు రాదు. అంటే పాత చీరని పరికిణీగా కుట్టిన మధ్యాహ్నం ఆమె ఉత్పత్తిదారు. అదే పరికిణీ చిరిగితే కుట్టిన సాయంత్రం ఆమె ఏమీ కాదు. సూది అదే, దారం అదే, చెయ్యి అదే. పైగా కాగితం మీద ఉత్పత్తి అన్న పని కూడా లెక్కలవాళ్ళు గుమ్మంలోకి వచ్చేసరికి 'ఇంటిపని' అనే ఒక్క మాటలో కలిసిపోతుంది.

పొదుపును మెచ్చుకునేవాళ్ళు అది ఎవరి ఒంటి మీద జరుగుతుందో కూడా చూడాలి. 'సంసారపక్షంగా ఉంటుంది' అన్న పొగడ్త స్త్రీలకే ఎందుకు దక్కుతుంది? ఇంట్లో అందరికీ పండగ బట్టలు వచ్చాక, ఆఖర్న మిగిలిన డబ్బుతో కొనుక్కునేదీ, మిగలకపోతే మానుకునేదీ ఆమే. అతని సిగరెట్ల దగ్గర మొదలుపెట్టని పొదుపు ఆమె జాకెట్టు గుడ్డ దగ్గర మొదలవుతుంది. బట్టను పారేయకుండా వాడుకోవడం మంచి అలవాటే. దాన్ని ఇంటిల్లిపాదీ పాటిస్తే సంస్కారం అవుతుంది. ఒక్క మనిషి మీద పెడితే అది భారం.

ఇటీవల నగరాల్లో పాత బట్టలకు కొత్త గౌరవం వచ్చింది. అమ్మమ్మ చీరతో గౌను కుట్టించుకుంటే 'వింటేజ్' అంటున్నారు. ముక్కలు అతికిన బొంతను 'హ్యాండ్‌మేడ్ క్విల్ట్' అని గాజు అద్దాల దుకాణాల్లో అమ్ముతున్నారు. చెత్త తగ్గుతుంది, మంచిదే. కానీ ఆ బొంత కుట్టిన చేతికి ఎంత ముట్టిందని అడిగే కొనుగోలుదారులు తక్కువ. పేదరాలు అతుకుల చీర కడితే లేమి, డబ్బున్నామె కడితే అభిరుచి. ఈ తేడా గుడ్డలో లేదు. అది కట్టుకున్న మనిషికి ఇంకో చీర కొనుక్కునే వీలుందా లేదా అన్నదాంట్లో ఉంది.

ఇంట్లో ఉండి చేసే పని

ఇక నలుగురికీ కుట్టిపెట్టే ఆవిడ సంగతి. భర్త సంపాదన చాలకో, భర్త లేకో, బయటికి పంపని ఇంట్లో ఉండో స్త్రీ మిషను ముందు కూర్చుంటుంది. ఆమెకు అది ఇచ్చిన మేలును తక్కువ చేయనక్కరలేదు. తన చేతిలో తన డబ్బు పడటం, ఎవరినీ అడగకుండా పిల్లకి చెప్పులు కొనగలగడం, నలుగురు ఆడవాళ్ళు వచ్చి కూర్చుని కష్టసుఖాలు చెప్పుకునే చోటు తన ఇల్లు కావడం చిన్న విషయాలు కావు. ఆది జాకెట్టు చేతిలో పట్టుకుని కొలతలివ్వడానికి వచ్చిన స్త్రీ, కొలతలతో పాటు ఒంటి మీది కమిలిన మచ్చల సంగతి కూడా చెప్పిపోతుంది. సంఘాల చెవికి రాని సంగతులు మిషను చెవికి ముందు చేరతాయి.

అయితే ఆ పని ఎప్పుడు చేస్తోంది? 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు ఖర్చుపెడుతున్నారు. ఆమెకు దాదాపు అయిదు గంటలు, అతనికి గంటన్నర. ఆ అయిదు గంటలు పోయాక, పిల్లల అవసరాలు తీరాక, నీళ్ళొచ్చే వేళ పంపు దగ్గర నిలబడ్డాక మిగిలిన సమయమే మనం 'ఖాళీ' అంటున్నది. మధ్యాహ్నం కునుకు తీయవలసిన గంటా, రాత్రి అందరూ పడుకున్న తరవాతి రెండు గంటలూ. పెళ్ళిళ్ళ రోజుల్లో తెల్లవారుజాము దాకా. నడుము నొప్పి, మెడ నొప్పి, కళ్ళ మంటలు ఈ ఖాళీ సమయం ఖాతాలోనే పడతాయి.

రేటు సంగతికి వస్తే, బజార్లో షాపు పెట్టిన మగ దర్జీకి ఒక ధర, ఇంట్లో కుట్టే ఆమెకు ఇంకో ధర. 'ఇంట్లోనే కదా, అద్దె లేదు కదా' అంటారు. మిషను పెట్టిన చోటు ఇంటిదే, కరెంటు మీటరు ఇంటిదే, హుక్కులూ దారమూ ఆమె కొన్నవే. వీటికి లెక్క లేదు. కొలతలు తేడా వస్తే విప్పి మళ్ళీ కుట్టాలి, దానికీ లెక్క లేదు. "వదినా, పండక్కి ఇచ్చెయ్యవూ, డబ్బులు ఒకటో తారీఖున ఇస్తాను" అన్న మాటకు కాదనలేదు. ఎదురింటివాళ్ళ దగ్గర బాకీ అడగడం షాపువాడికి వ్యాపారం, ఈమెకు మొహమాటం.

ఇంకో రకం ఉన్నారు. వీళ్ళు వీధిలో వాళ్ళకు కుట్టరు. రెడీమేడ్ దుకాణాలకు లోపలి లంగాలూ నైటీలూ, కాంట్రాక్టరుకు స్కూలు యూనిఫారాలూ, టైలరు షాపులకు కాజాలూ హుక్కులూ హెమ్మింగూ ఇంటికి తెచ్చుకుని చేసేవాళ్ళు. గుడ్డ కత్తిరించి మూటకట్టి ఇస్తారు, కుట్టి తిరిగి ఇవ్వాలి. రేటు అవతలివాళ్ళు చెప్పిందే. బాగాలేదని తిరగ్గొడితే అడిగే దిక్కు లేదు.

నర్సాపురం నేర్పిన పాఠం

ఈ కథ మన నేలకు కొత్తేమీ కాదు. 19వ శతాబ్దంలో మిషనరీలు పశ్చిమ గోదావరి నర్సాపురం ప్రాంతంలో స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. అది విదేశాలకు ఎగుమతయ్యే పెద్ద పరిశ్రమ అయింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ స్త్రీల మధ్య పరిశోధన చేసి 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం ప్రచురించారు. ఎగుమతి వ్యాపారులు దేశదేశాలకు సరుకు పంపుతూ లాభాలు గడిస్తుంటే, ఆ సరుకు తయారుచేసిన స్త్రీలు మాత్రం 'ఇంట్లో తీరిక వేళ అల్లుకునే ఇల్లాళ్ళు'గానే మిగిలిపోయారని ఆమె చూపించారు. ఇల్లాలు అనే పేరు పెట్టడం వల్లే కూలి అంత తక్కువగా ఉంచడం సాధ్యమైందన్నది ఆమె వాదన సారాంశం. ఆ వాదన లేసుకు ఎంత సరిపోతుందో మన వీధిలోని కుట్టుమిషనుకూ అంతే సరిపోతుంది.

ఇలాంటివాళ్ళు సంఘటితం కాలేరన్న మాటను నమ్మనక్కరలేదు. అహ్మదాబాదులో 1972లో ఏర్పడిన 'సేవా' సంస్థ మిల్లుల్లో మిగిలిన గుడ్డ పీలికలతో బొంతల గలేబులు కుట్టే స్త్రీలను కూడగట్టి వ్యాపారులతో రేట్ల గురించి మాట్లాడించింది. ఇంటింటా విడివిడిగా ఉన్న పని చేసేవాళ్ళు ఒక చోట కూర్చోవడమే అక్కడ మొదటి మెట్టు.

చట్టం ఎక్కడ నిలబడింది?

కార్యకర్తలు గట్టిగా పట్టుకోవలసిన విషయం ఇది. 1948 కనీస వేతనాల చట్టంలో 'ఉద్యోగి' అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో, మరొకరి వ్యాపారం కోసం సరుకు తీసుకెళ్ళి తన ఇంట్లో తయారుచేసి ఇచ్చే మనిషి కూడా ఉంది. మిషను ఎవరిదన్న ప్రశ్న ఆ నిర్వచనంలో లేదు. అమలు ఎంత అధ్వాన్నంగా జరిగినా, ఇంటి గుమ్మం దాటని శ్రామికురాలిని గుర్తించిన వాక్యం అది.

అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోనే దర్జీ దుకాణాల గురించి ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసుగా పేరుపడ్డ దాంట్లో 1973లో తీర్పు వచ్చింది. ముక్కకింత అని కూలి తీసుకుంటున్నా, రోజంతా షాపులో ఉండాలన్న నియమం లేకపోయినా, కొందరు గుడ్డ ఇంటికి తీసుకెళ్ళి కుడుతున్నా, వాళ్ళు ఆ దుకాణం ఉద్యోగులేనని కోర్టు చెప్పింది. ఎలా కుట్టాలో చెప్పే అధికారం, బాగాలేదని తిరగ్గొట్టే అధికారం యజమాని చేతిలో ఉండటం ఒక కారణం. మిషన్లు యజమానివి కావడం మరో ముఖ్యమైన కారణం.

ఈ రెండో కారణం దగ్గర ఆగి ఆలోచించాలి. ఇంట్లో కుట్టే స్త్రీకి మిషను తనదే. సొంత మిషను ఉంది కాబట్టి ఆమె 'స్వయం ఉపాధి' పొందుతోందని అంటారు. ఎవరికి కుడుతోందో, రేటు ఎవరు పెడుతున్నారో అడగరు. అంటే మనం సంబరంగా పంచిపెట్టిన మిషనే ఆమె చేతిలో యజమాని అనే బోర్డు పెట్టి, శ్రామికురాలి హక్కు నుంచి తప్పించగలదన్నమాట.

ప్రపంచస్థాయిలో ఈ ప్రశ్నకు 1996లో జవాబు వచ్చింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆ ఏడాది ఆమోదించిన 177వ ఒడంబడిక, ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకు మిగతా కార్మికులతో సమానంగా వేతనం, సంఘం పెట్టుకునే హక్కు, సామాజిక భద్రత ఉండాలని చెప్పింది. ఆ ఒడంబడిక కోసం మన దేశపు స్త్రీల సంఘాలు పోరాడాయి. మన ప్రభుత్వం మాత్రం దాన్ని ధ్రువీకరించలేదు.

2008 అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం 'గృహాధారిత కార్మికులు' అనే మాటను వాడింది. ఆ తరవాతి 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కూడా ఆ మాట ఉంది. అది సామాజిక భద్రత పథకాల వరకే. వేతనం దగ్గరకు వచ్చేసరికి వెనకడుగు పడింది. 1948 చట్టం స్థానంలో తెచ్చిన 2019 వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. ఇందులో ఉద్యోగి నిర్వచనంలో ఇంటికి సరుకు తీసుకెళ్ళి పనిచేసే మనిషి గురించిన ఆ పాత మాటలు లేవు. చడీచప్పుడు లేకుండా ఒక వాక్యం పోయింది. దానితో పాటు కొన్ని లక్షల గుమ్మాలు చట్టం బయట పడే ప్రమాదం ఉంది.

అయినా ఒక దారి మిగిలింది. ప్రభుత్వం ఎవరినైనా ఉద్యోగులుగా ప్రకటించవచ్చునని అదే నిర్వచనంలో ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ మనం అడగవలసింది సరిగ్గా ఇదే. దుకాణదారు కోసం, కాంట్రాక్టరు కోసం ఇంట్లో కుట్టేవాళ్ళను ఉద్యోగులుగా ప్రకటించమని, ఒక్కో రకం కుట్టుకు కనీస రేటు నిర్ణయించమని.

మిషను ఇస్తే సరిపోతుందా?

ప్రభుత్వాలు మారినా మారని దృశ్యం ఒకటుంది. వేదిక మీద నాయకులు, కింద వరసగా కుట్టుమిషన్లు, వాటి వెనక తలవంచుకుని నిలబడ్డ స్త్రీలు. మిషను మంచిదే. కానీ ఒకే వీధిలో పదిమందికి మిషన్లిస్తే కుట్టవలసిన జాకెట్లు పదింతలు కావు. రేటు మాత్రం పడిపోతుంది. పని ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పకుండా పనిముట్టు ఇవ్వడం సగం సాయమే.

2023 సెప్టెంబరులో మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో దర్జీలు కూడా ఉన్నారు. పనిముట్లకు 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి అప్పు ఇస్తారు. కానీ కుటుంబానికి ఒక్కరికే. భార్య, భర్త, పెళ్ళికాని పిల్లలు ఒక కుటుంబం. భర్త వడ్రంగిగానో మంగలిగానో నమోదయితే, మిషను మీద సంసారం నడుపుతున్న భార్యకు ఆ గుర్తింపు రాదు. చేతివృత్తి మనిషిదా, ఇంటి యజమానిదా? ఈ నిబంధన మారాలని గట్టిగా అడగాలి.

తెలంగాణలో ప్రభుత్వ పాఠశాలల యూనిఫారాలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇచ్చి, 2024లో జతకు 75 రూపాయలు నిర్ణయించారు. కాంట్రాక్టర్లకు పోకుండా స్త్రీలకు పని రావడం మెచ్చుకోదగ్గది. కానీ 2024-25లో ఉపాధి హామీ పనికి మన రాష్ట్రాల్లో రోజు కూలి 300 రూపాయలు. అంత రావాలంటే ఒకామె రోజుకు నాలుగు జతలు పూర్తిచేయాలి. నాలుగు చొక్కాలు, నాలుగు లాగులో గౌన్లో. మిషను అరుగుదల, కరెంటు, తిరిగి కుట్టే పని అన్నీ అందులోనే. దర్జీ పని నైపుణ్యం గల పనే అయినప్పుడు దాన్ని మట్టిపని కూలితో పోల్చుకోవలసి రావడమే విచారం. ఎన్ని నిమిషాల్లో ఒక జత తయారవుతుందో కుట్టే స్త్రీలను కూర్చోబెట్టి లెక్కకట్టి రేటు పెట్టాలి.

స్వచ్ఛంద సంస్థలు కూడా ఆలోచించుకోవలసింది ఉంది. భర్త వదిలేసిన స్త్రీ వస్తే కుట్టు. హింస తట్టుకోలేక బయటికి వచ్చిన స్త్రీకి కుట్టు. బడి మానేసిన ఆడపిల్లకు కుట్టు. కంటి చూపు ఎలా ఉంది, ఆమెకు ఇష్టమేనా అని అడగకుండానే ఆరు నెలల శిక్షణ, ఒక సర్టిఫికెట్టు. ఎలక్ట్రిక్ పనో, డ్రైవింగో, లెక్కలు రాయడమో నేర్చుకోగల స్త్రీని కూడా మళ్ళీ ఇంటిపట్టునే కూర్చోబెట్టే పని పునరావాసం పేరుతో జరగకూడదు. కుట్టు నేర్పితే దానితో పాటే రేటు కట్టడం, చిట్టా రాయడం, బాకీ అడగడం నేర్పాలి.

అన్నిటికన్నా ముందు చేయగల పని ఒకటుంది. ఊళ్ళో, పేటలో మిషను కుట్టే స్త్రీలందరినీ ఒకచోట కూర్చోబెట్టండి. మామూలు జాకెట్టుకు ఎంత, లైనింగు జాకెట్టుకు ఎంత, ఫాల్ కుట్టడానికి ఎంత అని అందరూ కలిసి ఒక పట్టిక రాసి ప్రతి ఇంటి గోడకూ అంటించండి. 'మా సంఘం రేటు ఇదమ్మా' అని చెప్పడం ఒంటరిగా బేరమాడటం కన్నా ఎంతో తేలిక. ఒక్కొక్కరూ ఒక నోటుపుస్తకం పెట్టి ఎవరికి ఏం కుట్టారో, ఎన్ని గంటలు పట్టిందో, ఎంత వచ్చిందో రాసుకోవాలి. రేపు కార్మిక శాఖ ముందు నిలబడితే ఆ నోటుపుస్తకమే సాక్ష్యం. మూటలు ఇచ్చే దుకాణదారు చేత అందులో సంతకం పెట్టించాలి. 2021లో మొదలైన ఈ-శ్రమ్‌లో కుట్టుపనివారిగా పేరు నమోదు చేయించాలి.

2027 జనగణనకు 2025 జూన్‌లో నోటిఫికేషన్ వెలువడింది. లెక్కలవాళ్ళు గుమ్మంలోకి వచ్చి 'ఏం చేస్తారు?' అని అడిగినప్పుడు ఆ ప్రశ్నకు భర్తో, అత్తగారో జవాబు చెప్పకుండా చూసుకోవాలి. "కుట్టుపని చేస్తాను, రోజుకు ఇన్ని గంటలు" అని ఆమె తన నోటితో చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పగలిగేలా మన పేటల్లో స్త్రీలను సిద్ధం చేయడం ఈ మూడు నెలల్లో మనం పెట్టుకోదగ్గ పని.